ఆరు దెబ్బల తేడా

రాఘవయ్య మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను పొయ్యి దగ్గర నిలబడి పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. ఎప్పుడు పోయాడని అడిగి, ఫోన్ పెట్టేసి, పాలు దించాను. ఏడుపు రాలేదు. కోపాన్ని బూజు పట్టకుండా దాచుకోవడం మా ఇంటి వాళ్ళకు బాగా తెలిసిన విద్య. అవ్వ నుంచి నాయనకు, నాయన నుంచి నాకు వచ్చిన ఆస్తి అదొక్కటే అనుకోవచ్చు. రాఘవయ్య మామ మీద నా కోపానికి నలభై ఏళ్ళు పైబడ్డాయి. ఒకప్పుడు మా ఇంట్లో మనిషిలా తిరిగినవాడు. మా నాయన బతికుండగానే, చావుకు కొన్ని నెలల ముందు, ఆయనను నలుగురిలో తక్కువ చేశాడని నా నమ్మకం. అందుకే మామ రాయచూరు వచ్చినప్పుడు కూడా నేను చూడ్డానికి వెళ్ళలేదు. ఎదురుపడితే పక్క వీధిలోకి తిరిగాను.

పెద్దకర్మ కూడా అయిపోయాక వాళ్ళ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "అమ్మ మిమ్మల్ని ఒకసారి చూడాలంటోంది అక్కా. ఏదో చెప్పాలట. ఏంటని అడిగితే నాకు చెప్పడం లేదు" అంది. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ వాళ్ళ అమ్మ, కమలమ్మత్త పెట్టిన అన్నం చిన్నప్పుడు ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ఆమెతో నాకు తగాదా ఏమీ లేదు. పొద్దున్నే సింధనూరు బస్సెక్కాను. కల్లూరు దాటేదాకా ఎండిన పత్తి మోడులు, ఎర్రటి దుమ్ము. కాలువ కిందికి వచ్చాక ఒక్కసారిగా వరి పచ్చదనం. ఈ పచ్చదనం చూస్తే నాకు సంతోషం కలగదు, ఆ కాలువ మా నాయన ఊపిరి తాగి పారుతున్నట్టు అనిపిస్తుంది. అది అన్యాయమైన ఆలోచనే, కాలువకేం తెలుసు. ఆయన ఊపిరిని తాగింది బీడీలు.

మా నాయన పేరు నరసింగం. మాది రాయచూరు పాత కుటుంబమే అయినా, ఉద్యోగం తుర్విహాళ దగ్గర కాలువ పనుల క్యాంపులో. వర్క్‌షాప్ ఫోర్‌మన్. బుల్‌డోజర్లు, పంపులు, లారీలు అన్నీ ఆయన చేతిలోనే బాగుపడేవి. ఆయన ఇంటికి రాకముందే ఆయన వాసన వచ్చేది: కాలిన ఇంజన్ ఆయిల్, బీడీ పొగ, చెమట. అమ్మ వాకిట్లో ఒక సీసాలో కిరసనాయిలు, ఒక పాత పంచె ముక్క పెట్టి ఉంచేది. చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని, తర్వాత సున్నిపిండితో రుద్దుకుని, ఆ తర్వాతే లోపలికి రావాలి. అంత చేసినా ఆయన తిన్న జొన్నరొట్టెకు కొంచెం కిరసనాయిలు వాసన అంటుకునే ఉండేది. ఆయన తుంచి పెట్టిన ముక్క తింటే ఆ వాసన నాకు తెలిసేది, వద్దని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు కిరసనాయిలు ఎక్కడా దొరకదు. దొరికినా ఏం చేసుకుంటాను.

రాఘవయ్య మామది కోస్తా. కాలువ నీళ్ళు వస్తాయని తెలిసి వాళ్ళ పెద్దలు జవళగేరలో పొలాలు కొని స్థిరపడ్డారు. ఆయన మాత్రం పొలం వైపు వెళ్ళకుండా మా క్యాంపు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కాలువలకు, తూములకు నక్షాలు గీయడం ఆయన పని. ఆయన గీసిన గీత వెంట్రుకలా ఉంటుందని ఆఫీసులో చెప్పుకునేవారు. మా క్వార్టర్‌కు ఆనుకునే వాళ్ళ క్వార్టర్. నాయన మాట వాళ్ళకు మోటుగా ఉండేది, వాళ్ళ మాట మా అవ్వకు పాటలా ఉండేది. "రాఘవయ్య మాట్లాడుతుంటె నాకు నిద్రొస్తది" అనేది అవ్వ, ఆయన ముందే. ఆయన నవ్వి, "జోకొట్టమంటారా పెద్దమ్మగారూ?" అనేవాడు.

వాళ్ళిద్దరినీ కలిపింది గోల్ఫ్. వింటే నవ్వుతారు. మా జిల్లాలో గోల్ఫ్ ఏమిటని రాయచూరులో నన్ను ఎంతమంది ఎగతాళి చేశారో. క్యాంపుకు పెద్ద ఇంజనీరుగా ఫౌజు నుంచి వచ్చినాయన ఒకరుండేవారు. అందరూ ఆయనను మేజర్ సాబ్ అనేవారు. ఆయనకు ఈ ఆట పిచ్చి. కాలువ తవ్విన మట్టి గుట్టలు పోసిన బంజరులో తొమ్మిది గుంతలతో ఒక మైదానం తయారు చేయించాడు. ఆడటానికి ఆఫీసర్లు చాలలేదు, అందుకని ఫోర్‌మన్లను, డ్రాఫ్ట్స్‌మన్లను కూడా రానిచ్చాడు. అక్కడ గడ్డి పరక మొలవదు. గుంత చుట్టూ గుండ్రంగా ఇసుక పరిచి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద పాత ఇంజన్ ఆయిల్ పోసేవారు. ఆ ఆయిల్ నాయన వర్క్‌షాప్ నుంచే వెళ్ళేది. ఆదివారం పొద్దున ఎండెక్కక ముందే నాయన ఒక ఇనుప పైపును ఆ నల్లటి ఇసుక మీద దొర్లించి చదును చేసి వచ్చేవాడు. ఆట మొదలయ్యేది ఆ తర్వాతే. తొమ్మిది గుంతలను రెండు చుట్లు తిరిగితే ఒక ఆట పూర్తి. గిల్లీదండాను మా వైపు చిర్రగోనె అంటారు, అవ్వ దీన్ని తెల్లోళ్ళ చిర్రగోనె అనేది.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. బాగా ఆడేవాడు, అంతంతమాత్రంగా ఆడేవాడు కలిసి ఆడినా పోటీ సమంగా ఉండటానికి ఒక్కొక్కరికి ఒక అంకె ఉంటుంది. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. ఆడిన ఆటల్లో ఎన్ని దెబ్బలు కొట్టారో చీటీ మీద రాసి మేజర్ సాబ్‌కు ఇస్తే, అవి చూసి ఆయన ఆ అంకె కట్టేవాడు. బాగా ఆడేవాడికి చిన్న అంకె. నాయనది పద్నాలుగు, రాఘవయ్య మామది ఎనిమిది. ఇద్దరూ ఎదురెదురుగా ఆడే పోటీలో ఒక్కో గుంతా ఒక్కో పందెం లాంటిది. తక్కువ దెబ్బల్లో బంతిని అందులో వేసినవాడిది ఆ గుంత. చివరికి ఎవరు ఎక్కువ గుంతలు గెలిస్తే వాళ్ళదే ఆట. ఇక్కడ ఎవరి అంకె ఎంత అన్నది కాదు, రెండు అంకెల మధ్య తేడా ఎంత అన్నదే పనికొస్తుంది. పద్నాలుగులోంచి ఎనిమిది తీసేస్తే ఆరు. ఆ ఆరు దెబ్బలు నాయనకు రావాలి. అవి కూడా ఆయన కోరుకున్న చోట రావు. అన్నిటికంటే కష్టమైన గుంతలేవో ముందే నిర్ణయించి ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో దెబ్బ తగ్గిస్తారు. అక్కడ నాయన ఆరు కొడితే అయిదనే లెక్క.

ఇదంతా నాయన భోంచేస్తూ పళ్ళెంలో శెనక్కాయలు పేర్చి మాకు చెప్పాడు. నాకంటే ముందు అవ్వకు అర్థమైంది. ఆమె పచ్చీసు ఆటలో గట్టిది. మనవరాలని నన్ను ఎప్పుడూ గెలవనిచ్చేది కాదు. కానీ గవ్వలు వేయకముందే నా కాయ ఒకటి పండినట్టు ఇంట్లో పెట్టేది.

"గదే గదరా నర్సింగా! ఇచ్చేదేదో ఆట షురూ చేయకముందే ఇయ్యాలె. నడుమల ఇస్తె అది ఆట కాదు, బిచ్చం ఏసినట్లు."

"అవునే అవ్వా, గంతే" అన్నాడు నాయన. ఆయన కూడా తల్లిని అవ్వా అనే పిలిచేవాడు.

పిల్లల ఆటల్లో చిన్నవాళ్ళను అరటిపండు అంటాం. వాళ్ళు ఆటలో ఉంటారు గానీ వాళ్ళు దొరికినా దొరికినట్టు కాదు, ఓడినా ఓడినట్టు కాదు. నాకు ఆ పేరంటే చచ్చేంత కోపం. మా వీధిలో పెద్దపిల్లలు నన్ను అరటిపండును చేస్తే ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. నాయన ఒకసారి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఛూట్ ఇవ్వడానికీ, అంటే ఆటకు ముందే కొంత మినహాయింపు ఇవ్వడానికీ, అరటిపండును చేయడానికీ తేడా ఉందని చెప్పాడు. ఛూట్ ఇచ్చాక నువ్వు ఓడితే ఓడినట్టే, గెలిస్తే గెలిచినట్టే అన్నాడు. అరటిపండు ఎప్పుడూ ఓడదు, అందుకే దానికి గెలుపూ లేదట. ఆయన ఇంత పొడుగు మాట ఇంకో విషయం మీద మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

తర్వాత దగ్గు మొదలైంది. మొదట్లో పొద్దున పూటే. అమ్మ వాము కషాయం కాచేది, అవ్వ వేడి ఇసుక మూటకట్టి వీపుకు కాపడం పెట్టేది. ఇల్లంతా వాము వాసన. రాయచూరులో పెద్ద డాక్టరు చూసి, ఊపిరితిత్తులు పాడయ్యాయి, మెట్లెక్కవద్దు, బరువు మోయవద్దు అన్నాడు. బీడీ మానేశాడు, అయినా లాభం లేకపోయింది. గుమ్మం నుంచి గేటు దాకా నడిస్తే ఆగి గోడ పట్టుకునేవాడు. ఆగడానికి కారణం ఉండాలి కాబట్టి మా గోడకు ఎప్పుడూ ఏదో పగులు కనిపెట్టి దాన్ని గోకుతూ నిలబడేవాడు. అలా నిలబడటం చూస్తే నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించేది.

కానీ ఆదివారం ఆట మాత్రం మానలేదు. మెల్లగా నడిచేవాడు, బంతి దగ్గర కూర్చుని ఊపిరి కూడదీసుకుని కొట్టేవాడు. మునుపు పడినంత దూరం పడేది కాదు. ఆ చీటీలు మాత్రం మేజర్ సాబ్‌కు ఇవ్వడం మానేశాడు. ఇస్తే అంకె పెరుగుతుంది కదా. ఏడాదికొకసారి జరిగే క్యాంపు కప్పు పోటీలు వచ్చాయి. రెండు ఆటలు ఎలా గెలిచాడో తెలియదు, గెలిచాడు. చివరి ఆట రాఘవయ్య మామతో పడింది. మేజర్ సాబ్ వర్క్‌షాప్‌కే వచ్చి, "నరసింగం, నీ నంబర్ ఇప్పుడు ఇరవై ఉండాలి. ఇరవై రాసుకుంటాను" అన్నాడట. నాయన ఒప్పుకోలేదు. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకుంటే ఆట నుంచి తీసేస్తారు. తక్కువ చెప్పుకుంటే మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేరు, చెప్పుకున్నదానికే ఆడాలి. అదే నిబంధన. నాయన పద్నాలుగే అన్నాడు.

ఆ సాయంత్రం రాఘవయ్య మామ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోకుండా ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇరవై తీసుకోవయ్యా నరసింగం. మేజర్ గారే ఇస్తానంటుంటే నీకేంటి ఇబ్బంది?"

"నా లెక్క నాకెర్క. పద్నాలుగుకే ఆడ్త."

"ఒంట్లో బాగున్నప్పటి లెక్కయ్యా అది."

"ఒంట్ల బాగలేదని నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు నాయన. అంటుండగానే దగ్గు తెర వచ్చింది. తర్వాత నాయన మెల్లగా అన్నాడు: "ఇను రాఘవయ్యా. నువ్వు గెలుస్తవు, గెల్వు. నాకేం రంది లేదు. కని ఆట నడుమల నన్ను జూసి పాపమని ఏమన్న ఇచ్చినవనుకో, మళ్ళ జన్మల నీ ముఖం చూడ."

రాఘవయ్య మామ "సరేలే" అని వెళ్ళిపోయాడు.

ఆట రోజు క్యాంపంతా చూడ్డానికి వచ్చింది. మా అమ్మ, అవ్వ, కమలమ్మత్త ఎనిమిదో గుంత దగ్గర వేపచెట్టు నీడలో చాప వేసుకున్నారు, నేనూ అక్కడే. కాలువ కట్టను ఆనుకుని ఉండే ఆ గుంతే అన్నిటికంటే కష్టమైనది. మొదటి చుట్టులో నాయన వెనకబడ్డాడు, రెండో చుట్టులో మళ్ళీ అందుకున్నాడు. నాయన బాగా ఆడి అందుకున్నాడని నేను అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం రాఘవయ్య ఇవాళ సరిగ్గా ఆడటం లేదని గుసగుసలాడటం విన్నాను. నాయన కూడా విని ఉంటాడు. రెండో చుట్టులో ఎనిమిదో గుంతకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. ఇంకా రెండే గుంతలు మిగిలాయి.

నాయన ముఖం బూడిద రంగులో ఉంది. ఆరు దెబ్బల్లో బంతిని వేశాడు. ఆ గుంతలో ఆయనకు ఒక దెబ్బ తగ్గుతుంది కాబట్టి అయిదు. రాఘవయ్య మామ అప్పటికి నాలుగు కొట్టాడు, బంతి గుంతకు మూరెడు దూరంలో ఆగింది. అది నెట్టేస్తే ఆయనకూ అయిదు, ఎవరికీ లాభం లేదు. మామూలుగా అయితే అంత దగ్గరున్న బంతిని కొట్టమని కూడా అడగరు, పడిందనే ఒప్పుకుంటారు. ఆ రోజు మాత్రం ఏదీ ఒప్పుకోవద్దని, అన్నీ కొట్టాల్సిందేనని నాయన ముందే చెప్పాడు. రాఘవయ్య మామ బంతి మీదికి వంగి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నెట్టాడు. బంతి గుంత పక్క నుంచి, బాగా పక్క నుంచి, వెళ్ళిపోయింది. పాకే పిల్లలు కూడా వేయగలిగిన దూరం. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కర్ర వదిలేసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆ గుంత నాయనది. ఒకటి ఎక్కువ, మిగిలింది ఒకటే. అది పోయినా సమానమై కప్పు ఇద్దరిదీ అవుతుంది, ఇక ఓడిపోయే మాటే లేదు. కానీ నాయన వెళ్ళి రాఘవయ్య మామ బంతిని ఇసుకలోంచి తీసి, చొక్కాకు తుడిచి, ఆయన వైపు చాచాడు.

"తీస్కో. ఆట నీదే. నేను ఇడిసిపెట్టిన."

"అదేంటయ్యా! కాదు, ఈ గుంత నువ్వే గెలిచావు. వద్దు నరసింగం, నా మాట విను."

"నన్ను అరటిపండును చేస్తివి గద" అన్నాడు నాయన.

రాఘవయ్య మామ మేజర్ సాబ్ వైపు చూశాడు. ఎదుటివాడు ఆటను వదులుకుంటే వద్దనడానికి వీల్లేదు, వదులుకున్నవాడు మళ్ళీ వెనక్కి తీసుకోవడానికీ వీల్లేదు, ఈ ఆటలో అది కట్టుబాటని మేజర్ సాబ్ అన్నాడు. ఆయనకూ బాధగానే ఉన్నట్టుంది, టోపీ తీసి చేతిలో తిప్పుతూ చెప్పాడు. నాయన మా వైపు నడిచి వచ్చి, చాప మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగాడు. అవ్వ ఆయన వీపు నిమిరింది. "మంచి పని జేసినవ్ కొడకా" అంది. ఆ మాట అనడం నేను విన్నాను.

రెండు క్వార్టర్ల మధ్య గోడకు ఒక చిన్న తలుపుండేది. ఆ రోజు నుంచి అది మూసే ఉంది. కమలమ్మత్త, అమ్మ కుళాయి దగ్గర మాట్లాడుకునేవారు, అది కూడా తగ్గింది. నాయన మళ్ళీ కర్ర ముట్టలేదు. ఎండలు ముదరకముందే పోయాడు. రాఘవయ్య మామ పాడె మోయడానికి వస్తే అవ్వ వద్దంది. మేము క్వార్టర్ ఖాళీ చేసి రాయచూరు వచ్చేశాం. అమ్మ కుట్టుపని చేసింది, నేను చదువుకుని టీచరునయ్యాను, అవ్వ పోయింది, అమ్మ పోయింది. క్యాంపు కూడా ఇప్పుడు లేదు. పోయినేడు అటు వెళ్ళినప్పుడు చూస్తే కప్పుల్లేని గోడలు, మనిషి ఎత్తు సర్కారు తుమ్మ. మైదానం ఎక్కడుండేదో ఆనవాలు పట్టలేకపోయాను.

జవళగేరలో కమలమ్మత్త వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కూతురిని కాఫీకని పంపించి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మొదలుపెట్టింది.

"ఆయన కావాలని తప్పలేదమ్మా."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏంది అత్తమ్మా?" అన్నాను. ఇంట్లో భాష నా నోటికి వచ్చేసింది.

"ఆ బంతి. మీ నాన్న ఆట వదిలేశాడే, ఆ రోజు. ఆయనకి అప్పటికే చేతులు వణుకు. ఏడాది నుంచీ ఉంది. కుడిచెయ్యి మరీను. ఎవరికీ చెప్పలేదు, ఆట చీటీలు ఇవ్వడం కూడా మానేశారు. డ్రాఫ్ట్స్‌మన్‌కి చెయ్యి వణికితే ఇంకేముంది, ఇంటికి పొమ్మంటారు. ఆడపిల్లలు ఇద్దరు. ఆఫీసు నక్షాలు ఇంటికి తెచ్చేవారు, పెన్సిలుతో ఆయన చుక్కలు పెడితే సిరాతో గీతలు నేను గీసేదాన్ని. మధ్యాహ్నం తలుపులేసుకుని. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాం."

వెంట్రుకలాంటి ఆ గీతలు. జేబుల్లో ఆ చేతులు. ఆయన మా ఇంట్లో టీ తాగడం ఎప్పుడు మానేశాడో గుర్తుచేసుకోబోయాను, గుర్తుకు రాలేదు.

"మరి చెప్పచ్చు గదా, నాయనకొక్కనికన్న."

"చెబుదామనే వెళ్ళారమ్మా ఆ సాయంత్రం. ఇరవై తీసుకోవయ్యా, నాక్కూడా పెంచమంటాను, ఇద్దరం ఉన్నదున్నట్టు ఆడదాం అని చెబుదామని. తనది పద్నాలుగు దాకా పోయుంటుందని ఆయనే అన్నారు నాతో. అక్కడికెళ్తే మీ నాన్న పాపమని ఏమైనా ఇచ్చావో ముఖం చూడనన్నాడట. ఆ మాట విన్నాక నా చేతులు వణుకుతున్నాయని ఎలా చెప్తాను కమలా, ముందే సాకు చెప్పి ఓడిపోతున్నాననుకోడా అన్నారు. ఆట అయ్యాక చెబితే అసలే నమ్మడుగా."

కాఫీ వచ్చింది. నేను గ్లాసు పట్టుకుని లెక్క వేస్తున్నాను. వేయకుండా ఉండలేకపోయాను. నాయనకు ఉండాల్సింది ఇరవై. మామకు ఉండాల్సింది పద్నాలుగు. తేడా ఆరు. ఇద్దరూ నిజం చెప్పుకుని ఉంటే కూడా నాయనకు అవే ఆరు దెబ్బలు, ఆ గుంతల్లోనే వచ్చేవి. దాచుకున్నవాళ్ళిద్దరూ సమానంగా దాచుకున్నారు. ఆ రోజు జరిగింది పూర్తిగా న్యాయమైన ఆట. మా నాయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఊపిరి అందని ఛాతీతో, గోడలు పట్టుకుని నడిచే కాళ్ళతో, ఆయన ఆ గుంత నిజంగానే గెలిచాడు. గెలిచి, అది తనకు వేసిన బిచ్చమనుకుని, ఎదుటివాడి చేతిలో పెట్టి వచ్చేశాడు. అవ్వ మంచి పని చేశావంది. నేను నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఇప్పుడు మా పక్కింటి పిల్లవాడు ఫోనులో ఆడే ఆటలో చచ్చిపోతే ఒక బొత్తాం నొక్కగానే మళ్ళీ ప్రాణం వస్తుంది. వాడికి ఓడటం అంటే ఏమిటో తెలియదని నేను విసుక్కుంటుంటాను. ఆసుపత్రిలో చేరిన వాళ్ళు చేతికి సూది గుచ్చిన ఫోటో తీసి అందరికీ పంపుతారు. అది చూసినప్పుడల్లా మా కాలం వాళ్ళ గుట్టు గురించి, బింకం గురించి నాకు గర్వంగా ఉండేది. టీచరుగా ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో దాని మీద. జవళగేరలో ఆ మంచం మీద కూర్చున్నప్పుడు ఆ గర్వం మీద నాకు అసహ్యం వేసింది. నా చేతులు వణుకుతున్నాయి, నాకు ఊపిరి ఆడటం లేదు. ఈ రెండు మాటలు ఇద్దరు స్నేహితులు పక్కపక్క ఇళ్ళలో ఉండి ఒకరికొకరు చెప్పుకోలేకపోయారు. అంత గొప్ప బింకం ఎవరికి కావాలి?

కమలమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకు. మీ నాన్న పోవడానికి వారం ముందు అనుకుంటా, ఆయన మీ ఇంటికొచ్చారు. ఏమైతే అదయిందని, చెప్పేసి వస్తానని బయల్దేరారు. తలుపు నువ్వే తీశావట కదూ?"

నేనే తీశాను. నాయన లోపలి గదిలో దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రాఘవయ్య మామ వచ్చిండని చెబితే, కళ్ళు తెరిచే ఉండి, "పండుకున్నడని చెప్పు" అన్నాడు. వెళ్ళి అదే చెప్పాను. చెప్పి తలుపు వేశాను.

"ఆ రోజు మీ నాన్న ఏమైనా అన్నాడా అమ్మా, ఆయన గురించి?" అంది కమలమ్మత్త.

"ఏమనలేదు అత్తమ్మా. నిజంగనె పండుకున్నడు ఆ పొద్దు. మామ వచ్చిండని కూడ ఎర్క లేదు ఆయనకు."

ఆమె తల ఊపింది. "ఔను. ఆయన కూడా ఇంటికొచ్చి అదే చెప్పారు. నిద్రపోతున్నాడు కమలా, లేపలేకపోయాను అని. కిటికీలోంచి దగ్గు వినిపించిందట. నిద్రలో దగ్గుతున్నాడు పాపం అన్నారు."